గుమ్మం దగ్గర సందు

మా తోడల్లుడు మామగారి గదికి చెక్క నేల వేశాడు. ఊరికే వేశాడా, అందరి నోళ్లలో నానేలా వేశాడు. "చిన్నల్లుడి పనితనం చూసి తీరాలి బాబూ, నేల అద్దంలా ఉంది" అని అత్తగారు ఫోన్ చేసి మరీ చెప్పారు. ఇరవై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్న పెద్దల్లుణ్ణి నేనొకణ్ణి ఉన్నానని గుర్తే లేదు. ఒళ్లు మండింది.

మండదూ మరి? చూపు తగ్గి మామగారు వడ్రంగం పని మానేశారు. చెక్క నున్నగా చెయ్యడానికి వాడే, ఆయన అరచేతిలో అరిగి నునుపెక్కిన చిత్రిక ఇద్దరల్లుళ్లలో ఎవరికిస్తారో ఇంకా తేల్చలేదు. అది నాకు కావాలి.

మర్నాడే తప్పు వెతకడానికి వెళ్లాను. మోకాళ్ల మీద నేలంతా పాకాను. ద్వారబంధం దగ్గర దొరికింది. చెక్కకీ బంధానికీ మధ్య చిటికెనవేలు పట్టేంత సందు! ప్రాణం లేచొచ్చింది.

"ఇదేంటత్తయ్యా, ఇలా వదిలేశాడు?"

"పైన పట్టీ ఏదో వేస్తానన్నాడు బాబూ, వచ్చే వారం."

"పట్టీ ఎందుకు, నేనున్నాగా!"

అదే రకం చెక్కని సన్నటి బద్దలుగా చీరి, జిగురు పూసి, సుత్తితో బిగించి కొట్టాను. రంపప్పొడి జిగురులో కలిపి పైన మెత్తాను. సూది కూడా దూరదు. తేమకి చెక్క ఉబ్బుతుందని, అంచున దానికి చోటు వదలాలని నాకు తెలియదా? కొత్తగా పనిలో చేరినవాళ్లకి నేనే చెప్తాను. ఆ రోజు మాత్రం ఆ సందులో వాడి తప్పు తప్ప నాకింకేమీ కనబడలేదు.

వానలు పట్టుకున్నాయి. గుమ్మం దగ్గర నేల పొంగింది. తలుపు సగమే తెరుచుకుంటోంది. మామగారు తట్టుకుని పడబోయారట. ఇద్దరం పరిగెత్తాం.

తోడల్లుడు నా బద్దల మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"నాదే పొరపాటు మావయ్యా. చోటు చాలినంత వదల్లేదు" అన్నాడు.

మామగారు వంగి ఆ అంచంతా మెల్లగా తడిమారు. బద్దల దగ్గర ఆయన చెయ్యి ఆగింది. లేచి, అలమర్లోంచి చిత్రిక తీసి చిన్నల్లుడి చేతిలో పెట్టారు.

"పెద్దల్లుడూ, ఆ బద్దలు నువ్వే తియ్యి" అన్నారు.

ఉలి తీసుకుని కూర్చున్నాను. చిత్రిక పోతే పోయింది. తప్పు నాదని చెప్పుకునే వంతు కూడా నాకు మిగల్చలేదు వాడు.