కడగని గాజుడబ్బా

"నాలుగు చాపలను సాకలేనిదానివి, నలభై మంది పిల్లలకు ఏం చదువు చెప్తవ్?" అన్నాడు ఎల్లస్వామి. చచ్చిన చేపను తోక పట్టుకుని ఎత్తి నాకు చూపించి, పెరట్లోకి విసిరేశాడు. నేను బోళ్లు తోముతున్నాను. అది తొమ్మిదో చేప.

ఎల్లస్వామి నా భర్త. పాలమూరులో చేపల శాఖలో ఫీల్డుమన్. అరవై మూడు జూన్‌లో హైదరాబాదు నుంచి పెద్దసారు వచ్చి, ఇనుప చట్రం బిగించిన గాజుడబ్బా ఒకటి, నాలుగు బంగారు చేపలు ఆఫీసుకు ఇచ్చాడు. జనవరిలో మళ్లీ వచ్చి చూస్తానన్నాడు. ఆఫీసులో బావి లేదు, నీళ్లు మోసే మనిషి లేడు. మా ఇంట్లో నేనున్నాను. డబ్బా మా ఇంటికి వచ్చింది. చేపలు చచ్చినప్పుడల్లా ఎల్లస్వామి హైదరాబాదు పోయి కొత్తవి తెచ్చేవాడు.

నేను హెచ్చెస్సీ పాసయ్యాను. నల్లగొండలో టీచరు ట్రైనింగుకు దరఖాస్తు కాగితం తెప్పించుకుని ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టుకున్నాను. జనవరి ఆఖరుకు పంపాలి. దాని మీద ఆయన సంతకం కావాలి. అడిగినప్పుడల్లా చేపల మాట వచ్చేది.

మా అత్త గుర్వమ్మకు శుక్రవారం పట్టింపు. ఆ రోజు ఇల్లు అలకాలి, గడపలు కడగాలి, ఇత్తడి బోళ్లు చింతపండుతో తోమాలి. డబ్బా కూడా ఆ లెక్కలోకి చేరింది. "శుక్రారం పూట ఇంట్ల పాచి ఉంటదా పిల్లా? లచ్చిమి నిలుస్తదా?" అనేది. చేపలను బకెట్లోకి తీసి, నీళ్లన్నీ పారబోసి, అడుగున ఉన్న గులకరాళ్లను చాటలోకి ఎత్తి, బూడిదతో రుద్ది, బండ మీద ఎండబెట్టేదాన్ని. గాజును కొబ్బరిపీచుతో తోమేదాన్ని. తర్వాత వీధి చివర చేదబావి నుంచి అయిదు బిందెలు మోసేదాన్ని. ఇంటికి కావలసిన పన్నెండు బిందెలకు ఇవి అదనం. సోమవారానికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచేవి. బుధవారమో గురువారమో ఒకటి తేలేది. శుక్రవారం మళ్లీ కడిగేదాన్ని, ఈసారి ఇంకా గట్టిగా. చేపలు తిన్నాయా అని అత్త రోజూ అడిగేది. ఆ ఇంట్లో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు, నాకూ అది తోచలేదు. నడుము వాల్చినప్పుడు మాత్రం, ఇంత తోమినా ఎందుకు చస్తున్నాయని ఆలోచించేదాన్ని.

దసరా ముందు నాకు టైఫాయిడ్ జ్వరం వచ్చింది. ఇరవై నాలుగు రోజులు మంచం దిగలేదు. అప్పటికి డబ్బాలో ఒక్క చేప మిగిలి ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేను లేచి చూసేసరికి గాజుకు ఆకుపచ్చ పాచి పట్టింది, రాళ్లు గోధుమరంగుకు తిరిగాయి. చేప అడుగున రాళ్లలో మేత వెతుక్కుంటూ తిరుగుతోంది.

ఆ రోజే నన్ను చూడడానికి మా బాపు కురుమయ్య వచ్చాడు. జడ్చర్ల దగ్గర మా ఊరు. మాది గొర్రెల ఇల్లు. అత్త ఆయనకు చేపను చూపించింది.

"చూసినవా అన్నా, మీ బిడ్డ చెయ్యి పడకపాయె, చాప బతికె."

బాపు తువ్వాలతో మొహం తుడుచుకుని ఊరి సంగతి ఎత్తుకున్నాడు. "పక్క రైతు బుచ్చయ్య చెల్కల ఎరువుకని మన మంద పెట్టిచ్చిన బిడ్డా, అయిదు రోజులు. మంద లేచిన రెండో నాడే ఇత్తునం ఏసిండు. మొలకంత మాడిపాయె. నీ గొర్ల ఉచ్చతోటే మాడిందని నా మీదికి వస్తాండు. మట్టికి అరగాలెగద? జర ఆగొద్దా?"

బాపు వెళ్లాక నేను డబ్బా ముందు కూర్చున్నాను. తొమ్మిదో తరగతి పాఠం గుర్తుకు వచ్చింది. ఉచ్చలోని ఘాటును మట్టిలో ఉండే కంటికి కనబడని జీవులు అరిగించి, మొక్కకు పనికొచ్చే నత్రజనిగా మారుస్తాయి. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, రాశాను. చేప తిన్నచోటే విసర్జిస్తుంది, ఆ నీళ్లలోనే ఊపిరి తీస్తుంది. డబ్బాలో మట్టి లేదు. ఆ జీవులు ఉండగలిగిన చోటు రాళ్ల మీది పాచి ఒక్కటే. దాన్ని నేను వారం వారం బూడిదతో రుద్ది ఎండలో పెట్టాను. తొమ్మిది చేపలను చంపింది నా చెయ్యే. అత్త అన్నది నిజం. ఆ చేతికి పని ఎవరు చెప్పారో ఆమె అనలేదు, అంతే.

సాయంత్రం ఎల్లస్వామితో చెప్పాను, ఇక కడగనని.

"పని తప్పిచ్చుకునే ఎత్తు," అన్నాడు.

అత్త నవ్వింది. "గట్లయితే బోళ్లు గూడ తోమకు పిల్లా, కూర రుచొస్తదేమో."

"పెద్దసారు వచ్చేదాక చాపలు బతికితే కాగితం మీద సంతకం పెడ్తవా?" అని అడిగాను.

"బతికినప్పుడు గద! పెడ్త పో."

దీపావళి తర్వాత ఆయన మూడు చేపలు తెచ్చి ఒకేసారి వదిలాడు. నాలుగో నాటికి నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడ్డాయి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. నేను వంగి చూస్తే అడుగున మెతుకులు కనబడ్డాయి. అత్త పాపమని పిడికెడు అన్నం వేసిందట. ఎల్లస్వామి అంగీ చేతులు మడిచి డబ్బా దగ్గరికి వచ్చాడు.

"ఇగ చాలు నీ చదువు. పారబొయ్యి, మొత్తం కడుగు."

నేను డబ్బాకు అడ్డం నిలబడ్డాను. పెళ్లయిన నాలుగేళ్లలో ఆయనకు అడ్డం నిలబడడం అదే మొదటిసారి. "వారం ఆగు. చస్తే నేనే కాగితం చింపేస్త," అన్నాను. ఆయన నా మొహం చూసి, చెప్పులేసుకుని బయటికి పోయాడు.

మెతుకులు ఏరేశాను. మూడు రోజులు మేత వేయలేదు. రోజూ ఒక బిందె నీళ్లు తీసి, ముందురోజు తెచ్చి పెట్టుకున్న బిందె పోశాను. రాళ్లు ముట్టుకోలేదు. అత్తకు కోపం రాకుండా శుక్రవారం గాజును బయటివైపు మాత్రమే తుడిచాను. ఎనిమిదో రోజు నీళ్లు తేరాయి. నాలుగు చేపలూ అడుగుకు దిగాయి. అప్పటి నుంచి వారానికి ఒక్క బిందె మార్చాను. మిగిలిన నాలుగు బిందెలు మోయలేదు.

జనవరి పద్దెనిమిదిన మధ్యాహ్నం పెద్దసారు వచ్చాడు. డబ్బా ముందు వంగి చాలాసేపు చూశాడు.

"రాళ్లు కడగలేదు. మంచి పని చేశారు. ఎవరు చెప్పారు మీకు?"

"నేనే సార్," అన్నాడు ఎల్లస్వామి. "కడగొద్దని ఇంట్ల గట్టిగ చెప్పిన."

నేను చాయ పళ్లెంతో గడప దగ్గర ఉన్నాను. సారు కప్పు అందుకున్నాడు. నన్ను చూడలేదు.

ఆయన వెళ్లాక దీపం పెట్టే వేళకు కాగితం తీసుకువచ్చి ఎల్లస్వామి ముందు పెట్టాను. ఆయన దాన్ని పక్కకు జరిపాడు. కోపంగా కాదు.

"ఇప్పుడెట్ల పోతవ్ అండాలూ? సారు ఇంకో రెండు డబ్బలు పంపిస్తనన్నడు. నా ప్రమోషన్ సంగతి గూడ తీసిండు. నువ్వు పోతే వీటిని ఎవరు సాకాలె? నీ చెయ్యి మంచిది."

"మాటిచ్చినవ్."

"నవ్వులకు అన్న మాట పట్టుకుంటవా? వచ్చే ఏడు చూద్దాం."

అత్త వత్తులు చేస్తూ, "ఆడిదానికి ఇంతకన్న మంచిమాట ఏం గావాలె?" అంది.

నేను కాగితం తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. చేపలు చస్తే పంపనన్నాడు. బతికాయి, అందుకే పంపడు. నాకు కోపం రాలేదు, అంత ఓపిక లేదు. ఆ డబ్బా వారానికి ఒక బిందెతో, చిటికెడు మేతతో నడుస్తుంది. ఎవరు పోసినా నడుస్తుంది. దానికి నేను అక్కర్లేకుండా చేసింది నేనే. ఆ మాట వాళ్లకు చెప్పలేదు.

పొయ్యి వెలుగులో కాగితాన్ని మొదటి నుంచి చదివాను. ఇన్ని నెలలూ 'భర్త' అన్న మాట దగ్గర ఆగిపోయాను. దాని పక్కన 'లేక తండ్రి' అని ఉంది.

తెల్లవారి రెండు చీరలు సంచిలో పెట్టుకుని జడ్చర్ల బస్సెక్కాను. మా బాపుకు సంతకం రాదు. వేలిముద్ర వేస్తాడు.