ఎనిమిది వత్తులు

రేడియేటర్‌ని నీళ్ల తొట్టిలో ముంచి, రబ్బరు గొట్టంలోంచి గాలి ఊది, కొండలరావు నాలుగోసారి బుడగ కోసం చూశాడు. రాలేదు. బుడగ రాకపోతే టంకం పనివాడు సంతోషించాలి. అతనికి అనుమానం ఎక్కువైంది. నీళ్లు మురికిగా ఉండి కనబడలేదేమోనని తొట్టి ఒంపేసి, కొత్త నీళ్లు పట్టి, ఐదోసారి ముంచాడు.

అతని తత్వమే అంత. ద్వారకా నగర్ వెనక సందులో ఇరవై రెండేళ్లుగా రేడియేటర్లు బాగుచేస్తున్నాడు. షెడ్డుకి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడు. పది అడుగులు నడిచి, వెనక్కొచ్చి ఇంకోసారి లాగుతాడు. టీ గ్లాసు చేతికిస్తే ముందు వాసన చూస్తాడు. ఆ పొద్దున కార్తీక పౌర్ణమికని భార్య కామేశ్వరి చేసుకుంటున్న మూడువందల అరవై అయిదు వత్తుల్లో ఎనిమిది తగ్గాయి. "నిన్న జోగమ్మ మనింటికి ఎందుకొచ్చినాది?" అని పక్కింటావిడ మీద అప్పుడే కేసు పెట్టేశాడు.

ఇంతటి మనిషి షెడ్డు రెండో తాళంచెవి ఇచ్చింది ఒక్కడికే. కామేశ్వరి అన్న అర్జునరావుకి. ఇంజన్ మేస్త్రి. భార్య పోయాక తొమ్మిదేళ్లుగా చెల్లెలింట్లోనే ఉంటూ, బావ పక్కనే పనిచేస్తున్నాడు. ఆ తాళంచెవిని నల్లతాడుకి కట్టి మెళ్లో వేసుకుంటాడు. స్నానానికి కూడా తియ్యడు.

తొట్టిలో ఉన్న రేడియేటర్ భీమశంకరరావుది. గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో కంట్రాక్టులు చేస్తున్నాయన. స్టీల్ ప్లాంటు పునాదులు లేస్తున్న ఆ రోజుల్లో పదిమందీ లారీలు కొంటుంటే, ఆయన రెండు సీట్ల పాత పందెం కారు కొన్నాడు. దాంట్లో వ్యాను ఇంజన్ పెట్టించాడు, రేడియేటర్‌ని ముందు ముక్కులోకి జరిపించాడు. మద్రాసు పందేలకు వెళ్లాలని ఆశ. భీమిలి రోడ్డెక్కితే చాలు, నీళ్లు మరిగిపోతున్నాయి. వేడిగాలి పోవడానికి కొండలరావు బానెట్ వెనక అంచున, అద్దానికి దగ్గరగా, చీలికలు కోశాడు. వంటింటి పొగ పైకే కదా పోయేది! అయినా మరిగింది.

"నేనిచ్చింది కొత్త రాగి కోరు మేస్త్రిగారూ. రేడియేటర్ లోపలున్నది అదేనా?" అన్నాడు భీమశంకరరావు పొద్దున. "సాయంత్రం కూడా మరిగిందంటే పోర్టులో ఒక్క లారీ కూడా మీ గుమ్మం తొక్కదు."

ఆ మాట కొండలరావుకి ముల్లులా దిగింది. తను మార్చలేదు. మరెవరు? కారు షెడ్డులోనే ఉన్న శనివారం, సెలవునాడు, అర్జునరావు షెడ్డు తెరిచాడని టీకొట్టతను చెప్పిన సంగతి గుర్తొచ్చింది.

"శనారం తాళం ఎందుకు తీసినావ్ బావ?"

"పనుండి తీసినాను."

"ఏటి పని? కోరు గాని మార్చీసినావా?"

అర్జునరావు చేతిలో స్పానరు ఆగింది. కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇవి బానెట్ మీద అతికించి నడిపి సూడు. గాలి ఎటెల్తందో అవే సెప్తాయి."

మెళ్లోని తాడు తీసి, మేకుకి తగిలించి, వెళ్లిపోయాడు. అగ్గిపెట్టె తెరిస్తే ఎనిమిది వత్తులు. 'వత్తుల దొంగ కూడా వీడేనన్నమాట' అనుకున్నాడు కొండలరావు. వాటి చివర్లకి ఎండిన మైదా జిగురు ఉంది. దాని సంగతి అప్పుడు ఆలోచించలేదు.

మధ్యాహ్నం భీమశంకరరావు వచ్చాడు. ఇంకే దారీ తోచక, కొండలరావు రేడియేటర్‌ని మళ్లీ కారుకి బిగించి, నాలుగు వత్తులు తన చీలికల దగ్గర, నాలుగు ముందు రేడియేటర్ వెనకగా అతికించి, కారెక్కి కూర్చున్నాడు. బీచ్ రోడ్డులో వేగం అందుకోగానే ముందు వత్తులు పైకి లేచి నిలబడ్డాయి, గాలి అక్కడ పైకి లాగుతోందన్నట్టు. వెనక వత్తులు చీలికల్లోకి దూరిపోయాయి, లోపల్నుంచి ఎవరో లాగుతున్నట్టు. అద్దానికి కొట్టుకున్న గాలి అతని చీలికల్లోంచే లోపలికి పోయి, బయటికి రావలసిన వేడిగాలికి అడ్డం పడుతోంది. కోరు మంచిదే. కోసిన చోటే తప్పు. ఎండిన జిగురెందుకుందో అప్పుడు తెలిసింది. చెవులు కాలిపోయేంత సిగ్గేసింది.

షెడ్డుకి తిరిగొచ్చి వెనక చీలికలు రేకుతో మూసేశాడు. రేడియేటర్ వెనకే బానెట్‌కి జానెడు వెడల్పున దారి కోసి, వేడిగాలి పైకి ఎక్కేలా కింద వంపు రేకు బిగించాడు. భీమిలి వెళ్లొచ్చినా వేడి ముల్లు సగం దాటలేదు.

"తొందరపడి మాటన్నాను, ఏమనుకోకండి. భలే బుర్ర మీది!" అన్నాడు భీమశంకరరావు.

"బుర్ర నాది కాదు బాబూ, మా బావది. శనారమే కనిపెట్టీసినాడు. తప్పు నాదని నలుగురిలో సెప్పనేక ఊరుకున్నాడు."

షెడ్డు అలాగే వదిలేసి ఇంటికి దాదాపు పరుగెత్తాడు. గోడవార ఉండాల్సిన రేకుపెట్టె లేదు.

"అన్న ఎలమంచిలి ఎల్లిపోనాడు," అంది కామేశ్వరి. "మజ్జానం పాసింజరుకి. అక్కడ లారీ షెడ్డులో పనుందంట. అన్నం కూడా తిన్నేదు."

"రేపెల్లి తీసుకొత్తాను."

"రాడు. ఊరందర్నీ అనుమానించినా తనని నమ్మినావనే ఇన్నాళ్లూ ఉన్నాడు."

కొండలరావు అగ్గిపెట్టె ఆమె ముందు పెట్టాడు. ఆమె తెరిచి లెక్కపెట్టింది. ఎనిమిదీ ఉన్నాయి, మసి పట్టి. దీపానికి ఇక పనికిరావు. మూత పెట్టి, పక్కకి జరిపి, కొత్త దూది అందుకుంది.

తాళం వెయ్యలేదన్న సంగతి చాలాసేపటికి గుర్తొచ్చి అతను షెడ్డుకి వెళ్లాడు. ఏదీ పోలేదు. టంకం కడ్డీలు, తొట్టి, స్పానర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. మేకుకి నల్లతాడు వేలాడుతోంది, మెడ చెమటకి ఒకవైపు తెల్లబారి, కొసన తాళంచెవితో.