కాదనే హక్కు

మా బీమా సంస్థలోకి యంత్రం వచ్చిన రోజునే సున్నివ ట్వైట్ ఒక షరతు పెట్టింది. నష్టపరిహారం అడిగినవాళ్ళకు ‘సరే’ అని యంత్రం తనంతట తాను చెప్పవచ్చు. ‘కాదు’ అని మాత్రం మనిషే చెప్పాలి, ఆ జవాబు కింద ఆ మనిషి పేరు ఉండాలి. కృత్రిమ మేధను సంస్థలో ఎక్కడ వాడాలో ఎక్కడ వాడకూడదో నిర్ణయించే పదవి ఆమెది. ఆ పదవిలోకి రాకముందు పడమటి తీరమంతా తిరిగి, కూలిన కప్పులూ మునిగిన పడవలూ కళ్ళారా చూసి నష్టం లెక్కకట్టిన మనిషి. ఆమె గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఆ అవసరం ఆమెకు రాదు.

నా పేరు ఐవిన్. ఆ యంత్రాన్ని తయారుచేసి, దాని మంచిచెడ్డలు చూసుకునేవాణ్ణి నేనే. నిజం చెప్పాలంటే సున్నివ షరతు నాకు చాదస్తంగా తోచింది. కాదనడానికి కూడా కారణాలు స్పష్టంగా ఉన్నప్పుడు మధ్యలో మనిషి ఎందుకు?

నవంబరులో వచ్చిన తుపాను తీరాన్ని ఊడ్చిపెట్టింది. బెర్గెన్‌లోని మా ఆఫీసుకు ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ అర్జీలు వచ్చిపడ్డాయి. యంత్రం చక్కగా పనిచేసింది. పంపిన ఫోటోలు చూసి, ఆ చోట వీచిన గాలి వేగంతో సరిపోల్చి, చిన్న చిన్న నష్టాలకు అప్పటికప్పుడే సరే అనేసింది. కొందరు ఫోన్ చేసి మరీ కృతజ్ఞత చెప్పారు. నేను ఛాతీ విరుచుకుని తిరిగాను.

అప్పుడు స్కార్వోయ్ అనే చిన్న దీవి నుంచి వచ్చిన అర్జీలన్నిటి మీదా అది ఎర్ర గుర్తు పెట్టింది. మోసమని అనుమానం.

మా సంస్థ పెద్ద స్టైనార్ మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి.

“ఊరు ఊరంతా కూడబలుక్కుని మనకి టోపీ పెడుతోంది,” అన్నాడు. “ఫోటోలన్నీ ఒకే ఫోన్లోంచి వచ్చాయి. మాటలు కూడా ఒకటే. ‘గాలి పడమటి గోడని కొట్టింది, పెంకులు లేచిపోయాయి.’ అందరిదీ ఇదే పాట! ఇంకేం రుజువు కావాలి సున్నివా?”

“పాట ఒకటే అయితే, పాడించింది ఎవరో కనుక్కుందాం.”

“అవతల వేలమంది ఎదురుచూస్తున్నారు. ఈ దీవి సంగతి తేల్చేస్తే మనవాళ్ళకి కాస్త ఊపిరాడుతుంది. ఐవిన్, కాదనే జవాబులు తయారేగా?”

“తయారే. మీట నొక్కడమే ఆలస్యం,” అన్నాను.

“అయితే పంపిద్దాం,” అంది సున్నివ నెమ్మదిగా. “కింద నీ పేరు పెట్టమంటావా స్టైనార్?”

అతను తడబడ్డాడు. “నా పేరెందుకు? నేనేం చూశానని?”

“యంత్రం మాత్రం ఏం చూసింది? ఫోటోలు చూసింది.”

స్టైనార్ ఆమె వంక కాసేపు చూసి, నవ్వు ఆపుకోలేకపోయాడు. “నీతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు. సరే వెళ్ళు. కానీ ఈ వారంలో తేలిపోవాలి.”

“తేలుస్తాను. ఐవిన్, రేపు పొద్దున్నే పడవ. వానకోటు తెచ్చుకో.”

“నేనెందుకు?”

“అనుమానపడింది నీ యంత్రమేగా. ఎవర్ని అనుమానించిందో నువ్వూ చూసి తీరాలి.”

మర్నాడు పడవ ఊగిన ఊపుకు నేను రెండు చేతులా కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. సున్నివ మాత్రం కిటికీ పక్కన కూర్చుని బ్రెడ్డు మీద మెకరెల్ చేప పరుచుకుని తింటూ ఉంది. దీవి రేవులో దిగేసరికి ఒకావిడ నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. అక్కడ కిరాణా కొట్టు నడిపే ఓస్‌లౌగ్.

“బీమావాళ్ళేనా? హమ్మయ్య, బతికున్న మనిషిని పంపారు! ఎన్నిసార్లు ఫోన్ చేసినా ‘మీ అర్జీ పరిశీలనలో ఉంది’ అంటుందే ఆ పిల్ల, దాని పీక పిసకాలనిపించింది.”

“అది పిల్ల కాదండీ, యంత్రం,” అన్నాను.

“అందుకే పీక దొరకలేదు!”

సున్నివ పకపకా నవ్వి చెయ్యి చాపింది. “నేను సున్నివని. ఫోటోలు తీసింది నువ్వేనా ఓస్‌లౌగ్?”

“ఇంకెవరు తీస్తారు? టవరు పడిపోయింది, కరెంటు లేదు. నా కొట్లో జనరేటరుంది, చేపల పెంపకంవాళ్ళ ఉపగ్రహ ఫోనుంది. ఇక్కడున్నవాళ్ళలో సగం మందికి కళ్ళు కనపడవు, మిగతా సగానికి మీ యాప్ అంతుపట్టదు. ఇల్లిల్లూ తిరిగి నేనే తీసి నేనే రాశాను.”

“అన్నిట్లోనూ ఒకటే మాటలు రాశావు.”

“గాలి ఒక్కటే, కొట్టింది పడమటి గోడనే. ఇంటికో కొత్త మాట ఎక్కణ్ణించి తేను? నేనేమన్నా కవినా?”

అందరి మాటలూ ఒకేలా ఉంటే అనుమానించమని యంత్రానికి నేర్పాం. ఒకే మనిషి ఊరందరికీ సాయం చేస్తుందని నేర్పలేదు.

సున్నివ ఆవిడ మాట మీదే ఆగిపోలేదు. ప్రతి ఇంటికీ నడిచింది. నిచ్చెనెక్కింది. తడిసిన అటకల్లోకి దూరింది. ప్రతిచోటా కాఫీ, వాఫుల్స్ పెట్టారు. ఒక ముసలాయన, “అమ్మాయీ, మమ్మల్ని దొంగలనుకున్నారటగా?” అని అడిగాడు. “అనుకోలేదు పెద్దాయనా. సందేహం వచ్చింది, అడగడానికి వచ్చాం,” అంది. నష్టాలన్నీ నిజమే. మధ్యాహ్నానికి నా మనసు తేలికపడింది. ఇక పడవెక్కడమే అనుకున్నాను.

చివరగా ఓస్‌లౌగ్ తమ్ముడు ఇంగ్వార్ పడవల కొట్టం చూడాలి. అది పూర్తిగా కూలి, దూలాలు రాళ్ళ మీద పడి ఉన్నాయి. ఫోటోలో ఉన్నది అదే. సున్నివ వంగి, విరిగిన దూలం కొసను వేలితో గీకింది. పచ్చగా పాచి ఊడివచ్చింది.

“ఇంగ్వార్, ఇది ఎప్పుడు పడిపోయింది?”

“తుపానుకే. ఇంకెప్పుడు?”

“విరిగిన చోట పాచి పట్టడానికి ఒక్క వారం చాలదు.”

“ఇక్కడ తేమ ఎక్కువ!”

సున్నివ వేలికంటిన పాచి అతనికి చూపింది. ఆ దూలం మీదే కూర్చుని అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఇంగ్వార్ సముద్రం వైపు చూశాడు, అక్క వైపు చూశాడు, చివరికి తల దించుకున్నాడు.

“పోయిన చలికాలం,” అన్నాడు. “మంచు బరువుకి.”

ఓస్‌లౌగ్ మొహం కందగడ్డయింది. “ఓరి సిగ్గుమాలినవాడా! కొట్టం వైపు నేను దిగి రానని తెలిసే నమ్మించావా! చీకట్లో దీపం పట్టుకుని మరీ ఫోటో తీశాను కదరా! ఊరందరి పేర్లూ నా చేతి మీద వెళ్ళాయి. నీ ఒక్కడి మూలంగా వాళ్ళందరి మాటా అబద్ధమైపోతుంది కదరా!”

“దీనికి నేను కాదంటున్నాను ఇంగ్వార్,” అంది సున్నివ. గొంతులో కోపం లేదు, మెత్తదనమూ లేదు. “నీ ఎదురుగా చెప్తున్నాను. కాగితం మీద కూడా నా పేరే ఉంటుంది. నీ అంతట నువ్వు అర్జీ వెనక్కి తీసుకుంటే అక్కడితో ఆగుతుంది. జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను.”

“మీ యంత్రం పట్టేసిందన్నమాట.”

“యంత్రం ఊరందర్నీ అనుమానించింది. నేను నిన్ను ఒక్కణ్ణే అడుగుతున్నాను.”

అతను ఒక చెక్కముక్కను కాలితో పక్కకు నెట్టాడు. తర్వాత, “వెనక్కి తీసుకుంటా,” అన్నాడు.

లేచి వెళ్ళబోతూ సున్నివ అతని ఇంటి వైపు చూసి ఆగింది. పొగగొట్టం పక్కన కప్పు మీద టార్పాలిన్ కప్పి, రాళ్ళు పెట్టి ఉంది.

“అదేమిటి?”

“అది నిజంగా తుపానే చేసింది,” అని గొణిగాడు. “రెండూ అడిగితే అత్యాశ అనుకుంటారని...”

“నిజం వదిలేసి అబద్ధం అడిగావా! నీ తెలివి తెల్లారినట్టే ఉంది,” అంటూనే ఆమె నిచ్చెన తెమ్మంది. పైకెక్కి చూసి దిగి, “దీనికి సరే,” అంది. ఇంగ్వార్ కళ్ళు తుడుచుకోవడం చూడనట్టు మొహం పక్కకు తిప్పుకుంది.

బెర్గెన్‌లో స్టైనార్ అంతా విని ఉత్సాహపడ్డాడు. “చూశావా? దొంగ ఉన్నాడు! యంత్రం చెప్పింది నిజమేగా!”

“ఒక్కడున్నాడు. నువ్వు ఆ జవాబులు పంపి ఉంటే దీవి అంతా మన మీద తిరగబడేది. అందర్నీ అవమానించాక ఆ ఒక్కడూ వాళ్ళ మధ్య దాక్కునేవాడు. వాణ్ణి పట్టుకునే దారే ఉండేది కాదు. మంచివాళ్ళు మనల్ని నమ్మితేనే దొంగ విడిగా కనపడతాడు స్టైనార్.”

అతను పెన్ను బల్ల మీద తట్టాడు. “ఏం చెయ్యమంటావు?”

ఆమె ముందే ఆలోచించుకుని వచ్చింది. అర్జీ పెట్టేటప్పుడే, మీకెవరైనా సాయం చేశారా అని అడగాలి. యంత్రం అనుమానపడితే ఎందుకో మామూలు మాటల్లో రాయాలి. ఆ కారణం మాకే కాదు, అర్జీ పెట్టినవాళ్ళకు కూడా కనపడాలి. మనిషితో మాట్లాడే నంబరు అక్కడే ఉండాలి. స్టైనార్ ఒక్క మాట కూడా మార్చకుండా ఒప్పుకున్నాడు.

ఆ పని నాకే అప్పజెప్పారు. యంత్రం రాసే కారణాలు మామూలువాళ్ళకు అర్థమవుతాయో లేదో చూడమని ప్రతిసారీ ఓస్‌లౌగ్‌కు పంపేవాణ్ణి. “ఈ వాక్యం ఏ దేవతల భాషరా నాయనా?” అని తిట్టి వెనక్కి పంపేది. క్రిస్మస్ ముందు ఒకటి తిట్టకుండా వదిలేసింది. అప్పుడు అర్థమైంది, బాగుందని.

మరుసటి ఏడు చలికాలం మళ్ళీ తుపానులతో వచ్చింది. యంత్రం అంతే వేగంగా పనిచేసింది, ఎర్ర గుర్తులు మాత్రం బాగా తగ్గాయి. పెట్టిన వాటిలో నిజంగా చూడవలసినవే ఎక్కువ. ఓస్లోలో బీమా సంస్థల పెద్దలంతా కూడినచోట మా పద్ధతి గురించి చెప్పమని సున్నివను పిలిచారు. చెప్పి వచ్చాక మరో రెండు సంస్థలు అదే పద్ధతి తీసుకున్నాయి.

ఆ తర్వాత ఒకరోజు క్యాంటీన్‌లో నేను చేపకట్లెట్లు తింటుంటే సున్నివ పళ్ళెం పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

“సముద్రంలో సాల్మన్ చేపలు పెంచే వలలకి బీమా లెక్కకట్టే యంత్రం ఒకటి అమ్మజూపుతున్నారు. బొమ్మలు చూసే అంతా తేల్చేస్తుందిట.”

“కొందామా?”

“ముందు ఆ వలలు చూద్దాం,” అంది బంగాళాదుంప చిదుముకుంటూ. “ఐవిన్, నీకు ఈత వచ్చా?”