చిట్టి గొంతు

బడిలో చదువు చెప్పే టీచరమ్మను తీసేసి పిల్లల చేతికి ట్యాబులు ఇచ్చారు. పాఠం పైకి చదివితే ట్యాబే విని మార్కులు వేస్తుంది. ఏడాది చివర అది పాస్ అనకపోతే పై తరగతికి పంపరట. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

మా చిట్టికి ముందు పళ్ళు ఊడి ఇంకా రాలేదు. మాటకో ఈల వస్తుంది. చదివినప్పుడల్లా ట్యాబు "స్పష్టంగా లేదు, మళ్ళీ చదవండి" అనేది. నా కుట్టుమిషను రొదేమోనని అది ఆపాను. ఫ్యాను కూడా ఆపి, చెమటలు కక్కుతూ కూర్చున్నాం. అయినా అదే పాట.

హెడ్మాస్టారి దగ్గరకు పరిగెత్తాను.

"మనిషి వినాలంటే పై ప్లాను కొనుక్కోవాలమ్మా. బడికిచ్చింది ఉచిత ప్లాను" అన్నారు.

ఇంటికొస్తే ఆడపడుచు నవ్వింది. "ఆ ట్యాబుకి మా అన్నయ్య చెవులే వచ్చాయి వదినా! నువ్వెంత అరిచినా వినపడదు. మా అమ్మాయి చేత చదివించు, గంట కొట్టినట్టుంటుంది."

"ఏమైనా అవుతుందేమో..."

"నీకు ఎప్పుడూ ఏదో ఒకటి అవుతూనే ఉంటుంది. మిషనుకేం తెలుస్తుంది?"

ఆ రోజు నుంచి సాయంత్రాలు మేనకోడలే చదివింది. ట్యాబు నిండా పచ్చ నక్షత్రాలు. చిట్టి పక్కన కూర్చుని పెదవులు మాత్రం కదిపేది.

పరీక్ష నాటికి చిట్టికి పళ్ళు వచ్చేశాయి. బడి కిటికీ బయట నిలబడి విన్నాను. ఒక్క ఈల లేదు, ఒక్క తడబాటు లేదు.

"ఈ గొంతు ఈ విద్యార్థిది కాదు" అంది ట్యాబు.

లోపలున్న హెడ్మాస్టారి దగ్గరకు దూసుకెళ్ళాను. "మీరు విన్నారు కదా సారూ!"

"విన్నానమ్మా. బాగా చదివింది. కానీ నేను వింటే లెక్కలోకి రాదు. ట్యాబు గుర్తుపెట్టుకున్న గొంతు మార్చాల్సింది కంపెనీవాళ్ళు. వాళ్ళకు ఫోన్ చేస్తే అక్కడా మిషనే మాట్లాడుతోంది." ఆయన నా మొహం చూడలేదు. "వచ్చే వారం ఇంకొక్కసారి పెడతారు. అంతే."

ఇంటికి రాగానే చిట్టి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కాసేపటికి లోపలినుంచి మేనకోడలు పాఠం చదవడం వినిపించింది. ఈ పిల్ల ఎప్పుడొచ్చిందా అనుకుంటూ మంచినీళ్ళు పట్టుకెళ్ళి తలుపు తీశాను.

గదిలో చిట్టి ఒక్కతే ఉంది.

"అమ్మా, తలుపు వెయ్యి" అంది, ఆ గొంతుతోనే.