నీలిగళ్ల చొక్కా

ఓడ భోజనశాలలో పళ్లెం నింపడం ఫాంగ్ అక్కని చూసి నేర్చుకోవాలి. అడుగున వేయించిన నూడుల్సు, పైన ఉడికిన గుడ్లు, వాటిమీద జారిపోకుండా పుచ్చకాయ ముక్క.

"తినవే ఖిం. డబ్బు కట్టాం కదా, ఇంక కడుపు కట్టుకోవడమెందుకు?" అంది.

ఖిం టీ తప్ప ఏదీ ముట్టలేదు. పక్క కుర్చీకి హ్యాంగరుతో సహా కొడుకు చొక్కా తగిలించి ఉంది. నీలిగళ్ల చొక్కా, మోచేతి దగ్గర అతుకు.

ఇద్దరివీ కీలుంగ్ చేపల బజార్లో పక్కపక్క కొట్లు. ఇద్దరికీ ఇదే మొదటి ఓడ షికారు. ఫాంగ్ అక్క దీనికోసం జుట్టుకి రింగులు తిప్పించుకుంది. ఖిం మాత్రం షికారుకి రాలేదు. కిందటేడు ఇషిగాకి దీవి దగ్గర చేపల పడవ బోల్తాపడి పోయిన కొడుకు బూన్‌హియోంగ్‌ని ఇంటికి తీసుకుపోదామని వచ్చింది. మొగుడు థియంహోక్ ఆ కబురు విన్న రోజునుంచీ నీళ్లవంక చూడటమే మానేశాడు, అందుకని తనే బయల్దేరింది.

గుడి పూజారి మరీమరీ చెప్పి పంపాడు. "సముద్రం ఒక్కసారే వదుల్తుందమ్మా, ఒక చొక్కాకి ఒక్కణ్ణే. వంతెనొచ్చినా, మలుపొచ్చినా, మెట్టొచ్చినా పేరుపెట్టి చెప్పు. చెప్పకపోయావో, అక్కడే ఆగిపోతాడు."

ఓడ ఇషిగాకి రేవుకి చేరగానే దిగారు. సాయంత్రంలోగా తిరిగి ఎక్కాలి. అందరూ దుకాణాలవైపు పోతే వీళ్లు బస్సెక్కి ఊరి చివర ఒడ్డుకి పోయారు. ఖిం మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, చొక్కా చాచి పట్టుకుని, గొంతు పగిలేలా పిలిచింది. వచ్చాడో లేదో చూసుకొమ్మని పూజారి ఇచ్చిన రెండు చెక్క బిళ్లలు ఇసకలో వేస్తే ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడ్డాయి. వచ్చాడన్నమాట. చేతిలో చొక్కా ఒక్కసారిగా బరువెక్కి నీళ్లు కారసాగింది.

"వచ్చావా నా తండ్రీ!" అని కావలించుకుంది. తడి ఆరితేగానీ మనిషి కనపడడు, అయినా ఆ బరువు తల్లికి తెలీదూ?

తిరుగు బస్సులో డ్రైవరు చొక్కాకోసం సీటుమీద పాత పేపరు పరిచి, మూడో టికెట్టు కొట్టాడు.

"బూన్‌హియోంగ్, వంతెనొచ్చింది, దాటు నాయనా!" ఖిం కేకేసింది. "బూన్‌హియోంగ్, ఎడమకి మలుపు!"

ఫాంగ్ అక్క మోచేత్తో పొడిచింది. "మెల్లిగా అనరాదటే! వెనకున్నది తైపే పట్నంవాళ్లు. మనల్ని చేపలోళ్లనుకోరూ?"

"చేపలోళ్లమే కదక్కా."

"ఊరికెళ్లాక అవుదాంలే. ఈ రెండ్రోజులూ కాదు."

రేవు దగ్గర చాంతాడంత వరస. సంచులు చూసే యంత్రం దగ్గర కాపలాదారు మర్యాదగానే చెప్పాడు. "చొక్కా బెల్టుమీద పెట్టండమ్మా. లోపలి మనిషిని మాత్రం ద్వారంలోంచి నడిచి రమ్మనండి."

ఖిం చొక్కాని బెల్టుమీద పెట్టింది. ద్వారం కింద తడి పాదాల అచ్చులు పడుతూ ఇవతలికొచ్చాయి. కాపలాదారు తడి తుడవడానికి వాటిమీద గుడ్డ పడేశాడు. చొక్కా అటునించి తేలిగ్గా, ఖాళీగా బయటికొచ్చింది. ఇక ఓడ మెట్లదగ్గర పేరుపెట్టి పిలిచి మళ్లీ తొడిగించాలి.

ఓడ కూత పెట్టింది. వెనకవాళ్లు తోస్తున్నారు. మెట్ల కింద తెల్ల దుస్తుల కుర్రది చేయి చాచి కార్డు అడుగుతోంది. తైపే ఆవిడెవరో వీళ్లవంక చూసి ఏదో అని నవ్వింది. ఎందుకు నవ్విందో ఏమో! ఖిం మొహం జేవురించింది. పొద్దుటినుంచీ అంతగా అరిచిన గొంతు అక్కడ, ఆ ఒక్కచోట, సిగ్గుతో పూడుకుపోయింది.

"నాయనా, దా, ఎక్కు" అని గొణిగింది. అంతే.

చొక్కా బరువెక్కింది. అమ్మయ్య అనుకుని పైకెక్కేసింది.

గదికి కిటికీ లేదు. చొక్కాని చల్లగాలి కింద తగిలించి ఇద్దరూ మంచంమీద కూర్చున్నారు. ఆరేకొద్దీ ముందు భుజాలు, తర్వాత మెడ, ఆ తర్వాత మొహం తేలాయి. బక్కపల్చటి మొహం, గడ్డంమీద గాటు.

బూన్‌హియోంగ్ కాదు.

"ఎవడ్రా నువ్వు?"

"చిన్‌చాయ్ అంటారు పెద్దమ్మా. మాది నాన్‌ఫాంగావో. నేను మునిగినప్పుడు మా అమ్మ రావడానికి ఇట్లాంటి ఓడల్లేవు." అతను తలొంచుకున్నాడు. "నాయనా దా అన్నారు. మునిగినవాళ్లం ఎంతోమందిమి ఆ రేవులో ఉన్నాం. ఎవర్నని అడక్కుండా పరిగెత్తాను."

ఖిం ఎన్ని మెట్లు ఎక్కిందో, ఎవర్ని తోసుకుందో తెలీదు. పైకొచ్చేసరికి తాళ్లు విప్పేశారు. కింద రేవువాళ్లు జెండాలూపి వీడ్కోలు చెప్తున్నారు. వాళ్ల వెనక పొడి సిమెంటుమీద తడి పాదాల అచ్చులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. అంచుదాకా వచ్చి, వెనక్కెళ్లి, మళ్లీ అంచుదాకా వస్తున్నాయి.

"బూన్‌హియోంగ్! బూన్‌హియోంగ్! ఎక్కరా!" అని అరిచింది. ఇప్పుడు గొంతు బాగానే లేచింది. ఏది పట్టుకుని ఎక్కుతాడు? చొక్కా లేదు, మెట్లు లేవు. అచ్చులు అంచున ఆగి, అక్కడే నీళ్లగుంటయ్యాయి.

గదిలోకొచ్చి పడింది. "విప్పు! నా కొడుకు చొక్కా విప్పు!"

చిన్‌చాయ్ బొత్తాలు విప్పసాగాడు. ఒక్కో బొత్తాం ఊడుతుంటే ఆ మేరకు ఒళ్లు పలచబడుతోంది. ఫాంగ్ అక్క గోడకి తలబాదుకుంది. "నా నోరు పడిపోను! నా వల్లేనే, నా డాబు వల్లేనే!"

ఖిం అతని చెయ్యి పట్టుకుంది. మంచుముద్దలా ఉంది.

"మీ అమ్మ ఉందా?"

"ఉందనే విన్నాను. రోజూ సాయంత్రం రేవుకొచ్చి కూర్చుంటుందట."

ఖిం ఏడుస్తూనే బొత్తాలు మళ్లీ పెట్టింది. ఒకటి తప్పుకాజాలో పడితే తీసి సరిచేసింది.

మర్నాడు కీలుంగ్‌లో మెట్లమీద అందరూ వినేలా పిలిచింది. "నాన్‌ఫాంగావో చిన్‌చాయ్, మెట్లు దిగు నాయనా!"

రేవులో థియంహోక్, వచ్చేవాడికి ఎండ తగలకూడదని నల్లగొడుగు విప్పి, నీళ్లకి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. అడుగుల చప్పుడు విని తిరక్కుండానే నీలిగళ్ల చొక్కామీదికి గొడుగు పట్టాడు. "వచ్చావుటరా, పెద్దోడా" అని అప్పుడు మొహం చూశాడు.

చాలాసేపు చూశాడు. పెళ్లానివంక తిరిగాడు.

"మనవాడేడే?"

ఖిం చెయ్యెత్తి సముద్రంవైపు చూపించింది. గొడుగు ఊగింది, కానీ చొక్కామీదినుంచి పక్కకి తప్పుకోలేదు.

"ఏ ఊరు బాబూ?" అన్నాడు థియంహోక్.

"నాన్‌ఫాంగావో, పెదనాన్నా."

"బస్సుదారే. వంతెనలు చాలా తగుల్తాయి." గొడుగు చొక్కామీదికి ఇంకాస్త వంచాడు. "నీ పేరు ఇంకోసారి సరిగ్గా చెప్పు నాయనా."