మూడొందల గదుల కోట

రాజాంలో ఎరువుల కొట్టు మీది మేడగదిలో రాగసుధ వీడియో గేమ్ తయారుచేస్తోందంటే నవ్విన వాళ్లే ఎక్కువ. నవ్వితే నవ్వనీ! టీవీకి తగిలించి ఆడే పెద్ద ఆట అది. ఓ పిల్ల పాడుబడ్డ కోటలో తన వీణను వెతుక్కుంటుంది, అంతే కథ. నలభై లక్షల్లో తేలిపోతుందనుకున్నారు. హైదరాబాదు కంపెనీ ఒకటి డబ్బు పెడతానంది.

అక్కడ మొదలైంది తంటా. ఇప్పటి ఆటల్లో గోడ మీది నాచు కూడా కదలాలట, వాన పడితే రాయి తడవాలట. కంపెనీ వాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా కోట పెరిగింది. బొమ్మలు గీసే శ్రీనాథ్ పాపం నిద్రాహారాలు మాని మూడొందల గదులు కట్టాడు. ఖర్చు కోటీ అరవై లక్షలకు ఎక్కి కూర్చుంది, పని సగం కూడా కాలేదు. అప్పుడు కంపెనీకి గుండె గుభేలుమంది. శుక్రవారం నమూనా చూస్తాం, నచ్చితే మిగతా డబ్బు, లేదంటే దుకాణం కట్టేసుకోండి అని తేల్చేసింది. అంటే నలుగురి ఉద్యోగాలూ, రాగసుధ మూడేళ్ల కష్టమూ గంగలో కలిసినట్టే.

ఆదివారం పొద్దున్నే ఆమె నమూనా పట్టుకుని బొబ్బిలి వెళ్లింది. నాన్న అప్పలనరసింహం అక్కడ పనస దుంగలు తొలిచి వీణలు చేస్తాడు. ఆటల ఊసే తెలియని మనిషి ఎక్కడ తికమకపడతాడో చూసుకుంటే శుక్రవారంలోగా సరిచేసుకోవచ్చని ఆమె ఆశ. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

గంటైనా మొదటి గది దాటలేదు! తలుపు దగ్గరికి వెళ్లి కొట్టే బటన్ నొక్కుతాడు, టీవీకి చెవి పెడతాడు. స్తంభం దగ్గరికి వెళ్లి మళ్లీ అదే. పనస దుంగను వేలి కణుపుతో కొట్టి వినడం ఆయనకు నలభై ఏళ్ల అలవాటు. లోపల ఎంత తొలిచిందీ, ఎక్కడ పగులు దాగిందీ ఆ చప్పుడే చెబుతుంది. పెళ్లికి వెళ్లినా భోజనాల బల్ల కొట్టి చూడందే కూర్చోడు. రాగసుధకు ఒళ్లు మండింది. ముందుకు నడువు నాన్నా, ఇంకా రెండొందల తొంభై తొమ్మిది గదులున్నాయని మొత్తుకుంది.

ఆయన కంట్రోలర్ కింద పెట్టేశాడు.

"పనస తలుపూ రాతి స్తంబమూ ఒకేలాగ మోగుతున్నాయేటే? ఈ గదే పలకట్నేదు. ఇంకో గదికెళ్లి ఏటి సేస్తాను?"

ఆమె అలిగి బస్సెక్కింది. రాజాం దగ్గరపడేసరికి అలక పోయి సిగ్గేసింది. వీణను వెతికే పిల్ల చెవులతో కదా వెతకాలి! సోమవారం శ్రీనాథ్‌తో, దేని చప్పుడు దానికి పలికేలా తొమ్మిది గదులుంచి మిగతావి తీసేద్దామంది. అతను కిందికి పోయి, రెండు టీలు తాగి, తిరిగొచ్చి ఆ తొమ్మిదీ తనే ఏరాడు. ఆ చప్పుళ్ల కోసం మూడు రోజులు అప్పలనరసింహం మైకు ముందు కర్రా, రాయీ, ఇత్తడీ కొడుతూనే ఉన్నాడు.

శుక్రవారం కంపెనీ మేడమ్ వీడియో కాల్‌లో ఆట మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు ఆడింది. ఆ తర్వాత చాలా బాగుందండీ, ఇదే పద్ధతి మూడొందల గదుల్లోనూ పెడదాం, బడ్జెట్ నేను పెంచుతాను అంది.

శ్రీనాథ్ కళ్లు మెరిశాయి. రాగసుధకూ నోరూరింది, అబద్ధమెందుకు! కాదంటే ఉన్నదీ పోవచ్చు. కానీ ఇంకాస్త పెద్ద వీణ చేసిపెట్టమని పీకల మీద కూర్చునే బేరగాళ్లకు నాన్న చెప్పే మాటే నోట్లోంచి వచ్చేసింది.

"నేదండీ. ఆ దుంగలోంచి ఆ వీణే వస్తాది."

కాసేపటికి ఫోన్లోంచి టక్ టక్‌మని పనస తలుపు చప్పుడు వినిపించింది.

"సరే, తొమ్మిదే కానివ్వండి" అంది మేడమ్ పరధ్యానంగా. ఆవిడ ఇంకా మొదటి గదిలోనే ఉంది.