పొగలో నిలిచిన సల్ఫేటు

పకోడీల పిండి కలుపుతున్న ఝాన్సీ చేతులు వంటింట్లో ఉన్నాయి గానీ మనసు కాలేజీ ల్యాబులో, ఫర్నేస్ దగ్గరుంది. హాల్లో మొగుడు యుగంధర్, ఆడపడుచు భారతి. ఆవిడ నరసన్నపేటలో బస్సెక్కిందంటే ఆమదాలవలసలో శనగపిండి ధర పెరుగుతుందని యుగంధరే నవ్వుతుంటాడు.

ఫర్నేస్‌లో ఉన్నది ఝాన్సీ థీసిస్‌కు మిగిలిన ఆఖరి పిడికెడు ఖనిజం. గంధకపు పొగలో కాలిస్తే అందులోని రాగీ, ఇనుమూ రెండూ సల్ఫేట్లవుతాయి. వేడి పెంచితే ఇనుప సల్ఫేటు ముందు విడిపోయి తుప్పుగా మిగులుతుంది. రాగిది ఇంకొంచెం ఓర్చుకుంటుంది, నీళ్లు పోస్తే కరిగి చేతికొస్తుంది. ఆ రెంటి మధ్యనున్న ఇరుకు వేడిలో సాయంత్రందాకా నిలపాలి. సగంలో చల్లారితే పనికిరాదు. ఇదివరకోసారి అత్తగారి మోకాళ్లకని, ఇంకోసారి మొగుడి చొక్కా ఇస్త్రీకని సగంలో వదిలేసి వచ్చింది. "ఇంట్లో పొయ్యి సాలకేటి, కాలేజీలో ఇంకోటెట్టింది?" అన్నారు అత్తగారు.

యుగంధర్ మాత్రం ఏనాడూ విసుక్కోడు. "మా ఝాన్సీ ఆ సల్ఫేటు కన్నా గట్టిది, ఎంత కాల్చినా ఇడిపోదు" అంటాడు. పెళ్లయిన కొత్తలో ఆ ఒక్క మాట మీద వారం రోజులు అన్నం అక్కర్లేకుండా తిరిగింది పిచ్చిది.

గంటలో వస్తానని అటెండరు అసిరయ్యకు చెప్పి వచ్చింది. పళ్లెం భారతి ముందు పెట్టి, "తింటుండు వదినా, నేనెళ్లాల" అంది.

"ఎక్కడికే? తమ్ముడు ఆ అసిరయ్యకి ఫోన్ సేసి నీ పొయ్యి కట్టీమన్నాడు కదేటి!"

ఝాన్సీ మొగుడి వైపు చూసింది.

"పరుగులెట్టి అలిసిపోతన్నావని నేనే ఆపించీసినాను. రేపు మళ్లీ ఎలిగించుకో."

"అదే ఆఖరి పిడికెడు బావా. నీకు సెప్పినాను."

"సెప్పినావులే. మట్టే కదేటి!"

తిట్టి ఆపినా బాగుండేది, ఎదురు తిట్టేది. చెమట తుడిచినంత ముద్దుగా ఆపేశాడు.

సల్ఫేటు గట్టితనం దాని ఒక్కదానిదే కాదని థీసిస్‌లో రాసింది తనే. అది వదలాల్సిన పొగే చుట్టూ కమ్ముకుని ఉంటే, విడిపోదామన్నా దానికి చోటుండదు. పొగ తీసేస్తే అంతకన్నా తక్కువ వేడికే విడిపోతుంది. రాసింది గానీ, ఈ హాల్లో నిలబడి ఎన్నడూ చదువుకోలేదు.

చేతులు కడుక్కుని బ్యాగు తీసుకుంది.

"అదే ఆఖరిదన్నావు కదే, ఇంకెందుకెళ్తన్నావు?" అన్నాడు యుగంధర్, నవ్వుతూనే.

"ఇక్కడ లేకండా ఉండడానికి, బావా."